బెదురు కుక్కపిల్లకు ధైర్యం నేర్పడం: ఎక్కడ తొందరపడాలి, ఎక్కడ ఆగాలి

మీరు వివరించిన దాని ప్రకారం మీ కుక్కపిల్ల వయసు 11 వారాలు. ఇంటికి వచ్చి రెండు వారాలు కావస్తున్నా అది పగలంతా మంచం కిందనే గడుపుతోంది. కొత్తవారు లోపలికి అడుగుపెడితే వణికిపోయి, వంగి పలకరించబోతే నిలుచున్నచోటనే మూత్రం పోసేస్తోంది. వాక్యూమ్ క్లీనర్ చప్పుడు వినబడగానే పరుగెత్తి దాక్కుంటోంది. వీధిలోకి తీసుకువెళితే నాలుగడుగులు వేసి చతికిలబడి ఇక కదలనంటోంది. ఇంట్లో ఒకరు దాన్ని వచ్చిన వారందరి చేతులకూ అందిస్తూ ఉంటే భయం దానంతట అదే పోతుందని చెబుతున్నారు. మరొకరు భయపడినప్పుడు దగ్గరకు తీస్తే భయం ఇంకా ముదురుతుంది కాబట్టి పట్టించుకోకుండా వదిలేయాలని చెబుతున్నారు. వీటిలో ఏది పాటించాలి, తోడు కోసం రెండో కుక్కపిల్లను తెస్తే ప్రయోజనం ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

రెండు సలహాలనూ పక్కన పెట్టండి. మొదటిది కుక్కపిల్లకు హాని చేస్తుంది, రెండవది దానికి అందవలసిన ఆసరాను అందకుండా చేస్తుంది. బెదురు కుక్కలతో ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: భయపెట్టే వస్తువుకు ఎంత దగ్గరగా వెళ్లాలో, ఎప్పుడు వెనుదిరగాలో నిర్ణయించుకునే వీలు కుక్కపిల్లకే ఉండాలి. ఆ వీలు తనకు ఉన్నదని అది నమ్మిన తరువాతనే దానంతట అది ముందడుగు వేస్తుంది. ఈ సమాధానంలో నేను చెప్పబోయే పద్ధతులన్నీ ఆ నమ్మకాన్ని కలిగించడానికి ఉద్దేశించినవే.

అయితే మీ విషయంలో కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కుక్కపిల్లలు సుమారు 3 వారాల వయసు నుంచి 12, 14 వారాల వయసు వరకు కొత్త మనుషులను, జంతువులను, చప్పుళ్లను, నేలలను సులువుగా తమ లోకంలో కలుపుకుంటాయి. ఆ తరువాత తెలియని వాటిని చూసి జంకడం వాటి సహజ స్వభావంగా మారుతుంది. 1961లో అమెరికా శాస్త్రజ్ఞులు కొన్ని కుక్కపిల్లలను ఎత్తైన కంచె గల పొలాల్లో, మనుషుల స్పర్శ లేకుండా పెంచి, ఒక్కొక్క గుంపును ఒక్కొక్క వయసులో వారం రోజుల పాటు మనుషుల మధ్యకు తెచ్చి చూశారు. ఏడు వారాల వయసు ప్రాంతంలో వచ్చినవి త్వరగా మచ్చికయ్యాయి. 14 వారాల వరకు మనిషిని ఎరుగకుండా పెరిగినవి తరువాత ఎంత ప్రయత్నించినా పూర్తిగా మాలిమి కాలేదు. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలు కూడా, కొత్తవాటిని సులువుగా స్వీకరించే ఈ గ్రహణకాలం ఉనికినే స్థిరపరిచాయి. మీ కుక్కపిల్ల ఆ కాలం చివరి భాగంలో ఉంది కాబట్టి, పెద్దయ్యాక చూద్దాం లెమ్మని ఊరుకోవడం మంచిది కాదు. ఈ కాలం ఒక్క రోజులో మూసుకుపోయేది కాదు, క్రమంగా సన్నగిల్లుతుంది. 14 వారాలు దాటిన తరువాత కూడా కుక్క నేర్చుకుంటూనే ఉంటుంది, కాకపోతే అదే ఫలితానికి ఎక్కువ ఓపిక, ఎక్కువ పునశ్చరణ కావలసి వస్తుంది.

ఈ సంగతి తెలిసిన యజమానులు చాలామంది సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. కాలం తక్కువగా ఉందన్న ఆందోళనతో వారంలో ఇంతమంది మనుషులు, ఇన్ని వాహనాలు, ఇన్ని చప్పుళ్లు అని జాబితా వేసుకుని కుక్కపిల్లను ఊరంతా తిప్పుతారు. కుక్కపిల్ల ఎన్నింటిని చూసిందన్నది ముఖ్యం కాదు. చూసిన ప్రతిసారీ దానికి ఏమనిపించిందన్నదే ముఖ్యం. హాయిగా జరిగిన రెండు నిమిషాల పరిచయం మేలు చేస్తుంది. వణుకుతూ గడిపిన గంట, ఆ మనుషులూ ఆ చోటూ ప్రమాదకరమైనవన్న పాఠాన్ని గట్టిగా నేర్పుతుంది. అందువల్ల పని ఈ రోజే మొదలుపెట్టే విషయంలో తొందరపడండి. అడుగు వేయించే విషయంలో మాత్రం తొందర వద్దు.

అందరి చేతుల్లోనూ పెట్టే సలహా ఎందుకు చెడ్డదో ఇప్పుడు చెబుతాను. పారిపోవడానికి దారిలేని కుక్కపిల్ల కాసేపు గింజుకుని, ఆ తరువాత బిగుసుకుపోయి కదలకుండా ఉండిపోతుంది. చూసేవారు అది అలవాటు పడిందని, బుద్ధిగా ఉందని సంతోషిస్తారు. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కుక్కల మీద జరిపిన ప్రయోగాలు ఈ నిశ్చలత్వం గురించి చాలా చెబుతాయి. తప్పించుకోలేని విద్యుత్ ఘాతాలకు గురైన కుక్కలలో చాలా భాగం, తరువాత తప్పించుకునే దారి తెరిచి ఉంచినా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. ఆ ప్రయోగాలు ఎంత క్రూరమైనవో వేరే చెప్పనవసరం లేదు. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు మీద జరిగిన పరిశోధనల ఆధారంగా తమ తొలి వివరణను సవరించుకున్నారు. సుదీర్ఘమైన కష్టం ఎదురైనప్పుడు చేతులెత్తేయడం మెదడుకు పుట్టుకతో ఉన్న ప్రతిస్పందనేనని, పరిస్థితి తన అదుపులో ఉందన్న జ్ఞానాన్నే జీవి అనుభవం ద్వారా నేర్చుకుంటుందని వారు తేల్చారు. కుక్కపిల్లల విషయంలో నాకు ఇంతకన్నా ఉపయోగపడిన శాస్త్రీయ వాక్యం మరొకటి లేదు. తాను వెనక్కి తగ్గితే భయం తగ్గుతుంది, తాను తల తిప్పుకుంటే ఎదుటివారు ఆగుతారు అన్న అనుభవాలను కుక్కపిల్ల కూడబెట్టుకోవాలి. చేతులు మారుతున్న కుక్కపిల్లకు దక్కేది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన అనుభవం.

కనుక మీరు ముందుగా నేర్చుకోవలసింది దాని ఒంటి భాష. తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, ఒళ్లు నేలకు ఆనించి నడవడం వంటివి అందరికీ తెలుస్తాయి. వాటి కన్నా ముందు వచ్చే చిన్న సూచనలను పట్టుకోగలిగితే పని సగం సులువవుతుంది. ఎదురుగా తిండి లేకపోయినా పెదవులు నాకుకోవడం, నిద్ర రాని వేళ ఆవలించడం, ముఖం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ముందరి కాలు ఒకటి పైకెత్తి పట్టుకోవడం, నోరు తటాలున మూసుకోవడం, ఒళ్లు తడి లేకపోయినా దులుపుకోవడం, ఇవన్నీ అది ఇబ్బందిపడుతోందని చెప్పే గుర్తులు. ఒక్కొక్క గుర్తుకు విడిగా అర్థం ఉండకపోవచ్చు. రెండు మూడు కలిసి వస్తే మాత్రం దూరం పెంచవలసిన సమయం వచ్చినట్టే. గుర్రుమనడం కూడా ఇలాంటి సూచనే. దాన్ని కసిరి మాన్పించే యజమాని నిజానికి హెచ్చరికను మాత్రమే మాన్పిస్తాడు, లోపలి భయం అలాగే ఉంటుంది. హెచ్చరించడం మానేసిన కుక్క చెప్పాపెట్టకుండా కరుస్తుంది.

ఈ గుర్తులు చూడడం అలవాటయ్యే వరకు తిండిని కొలబద్దగా వాడుకోవచ్చు. ఇంట్లో ఆత్రంగా తినే తాయిలాన్ని బయట ముట్టుకోకపోతే, లేదా వేలు కొరికేటంత మొరటుగా లాక్కుంటే, అది తట్టుకోగల హద్దు దాటింది. ఆ స్థితిలో ఏ పాఠమూ తలకెక్కదు. వెంటనే దూరం జరగండి.

ఇక అసలు పద్ధతి. దాని మూలాలు కుక్కల శిక్షణలో కాక ఒక పసివాడి కథలో ఉన్నాయి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లవాడితో చేసిన ప్రయత్నాన్ని ప్రకటించారు. పిల్లవాడు ఇష్టమైనది తింటూ ఉండగా పంజరంలోని కుందేలును గదిలో అతడు కలవరపడనంత దూరంలో ఉంచి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరకు జరిపారు. చివరకు ఆ పిల్లవాడు కుందేలును నిమిరే దాకా వచ్చాడు. బెదురు కుక్కలతో నేడు మంచి శిక్షకులు చేసే పనికి సారాంశం ఇదే: భయపెట్టేదాన్ని భయం పుట్టనంత స్వల్పంగా చూపించడం, అది కనిపించిన ప్రతిసారీ వెంటనే మంచి జరిగేలా చూడడం.

ఇందులో వరుసక్రమం తప్పితే పద్ధతంతా తలకిందులవుతుంది. ముందు చప్పుడు, ఆ తరువాత తాయిలం. తాయిలం సంచి తీయగానే భయంకరమైన చప్పుడు వస్తూ ఉంటే, కొన్నాళ్లకు ఆ సంచి చూడగానే కుక్కపిల్ల మంచం కిందకు దూరుతుంది. తాయిలం ముందుగా ఇచ్చి ఏమార్చి పని కానివ్వాలనుకునే వారి దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది.

వాక్యూమ్ క్లీనర్‌నే తీసుకుందాం. మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినబడితే కుక్కకు సుమారు 45,000 హెర్ట్జ్ వరకు వినబడుతుంది కాబట్టి, ఆ యంత్రంలో మనకు తెలియని కీచుధ్వనులు కూడా దానికి తెలిసే అవకాశం ఉంది. పైగా ఇది అరిచే యంత్రం, కదిలే యంత్రం కూడా. ఈ రెండు గుణాలను విడదీయండి. మొదట యంత్రాన్ని ఆపి ఉంచి గది మధ్యలో వదిలేయండి. చుట్టూ తాయిలాలు చల్లి, కుక్కపిల్ల రావడం, రాకపోవడం దాని ఇష్టానికే విడిచిపెట్టండి. అది నిర్భయంగా వాసన చూసి తిరిగే రోజు వచ్చాక, చప్పుడు లేకుండా అంగుళం కదిలించి తాయిలం వేయండి. చప్పుడును వేరే పాఠంగా పెట్టండి: యంత్రం మూడు గదుల అవతల, తలుపులు మూసి, ఇంకొకరు ఒక్క క్షణం మీట నొక్కి ఆపాలి, కుక్కపిల్ల చెవి అటు తిప్పగానే మీరు తాయిలం ఇవ్వాలి. చెవి తిప్పడం వరకే ఉండాలి. తోక ముడిస్తే చప్పుడు ఎక్కువైందని అర్థం. కొన్నాళ్లకు ఆ చప్పుడు వినగానే అది మీ ముఖం వైపు ఆశగా చూస్తుంది. ఆ చూపు కనబడిన తరువాతనే ఒక తలుపు తెరవండి. రెండు పాఠాలూ విడివిడిగా స్థిరపడ్డాక మళ్లీ తొలిమెట్టు నుంచి కలపండి. ఈ పని పూర్తయ్యే వరకు ఇల్లు ఊడ్చే వేళకు కుక్కపిల్లను ఎవరైనా బయటకు తీసుకుపోవాలి. పాఠాల మధ్య అసలు యంత్రం యథాప్రకారం మీద పడుతూ ఉంటే పాఠాలు నిలవవు. తలుపు గంటకూ, ఉరుముల వంటి పెద్ద చప్పుళ్లకూ రికార్డు చేసిన ధ్వనులను అతి తక్కువ శబ్దంతో వినిపిస్తూ ఇదే విధంగా సాగించవచ్చు.

అతిథుల విషయంలో మీ కష్టం కుక్కపిల్లతో కాదు, అతిథులతోనే. కుక్కలంటే ప్రేమ గలవారే ఎక్కువ ఇబ్బంది పెడతారు; నేరుగా కళ్లలోకి చూస్తూ, వంగి, తల మీదకు చెయ్యి చాపుతూ, నన్ను చూస్తే ఏ కుక్కా భయపడదు అంటారు. వారు గుమ్మం దాటకముందే నియమాలు చెప్పండి. కుక్కపిల్ల వైపు చూడకూడదు, పిలవకూడదు, చెయ్యి చాపకూడదు, కూర్చుని మీతో మాట్లాడుతూ ఉండాలి. అది దానంతట అది వచ్చి వాసన చూసినా కదలకుండా ఉండాలి. వాసన చూడడం ముట్టుకోవడానికి అనుమతి కాదు.

అతిథి చేతిలో తాయిలం పెట్టి కుక్కపిల్లను రప్పించడం చాలా మందికి తోచే ఉపాయం. నేను దాన్ని వద్దంటాను. ఆకలి దాన్ని ముందుకు లాగుతుంది, తాయిలం నోట్లో పడిన మరుక్షణం తాను అపరిచితుడి మోకాలి దగ్గర ఉన్నానన్న సంగతి దానికి తెలిసివస్తుంది, అప్పుడు బెంబేలెత్తి పారిపోతుంది లేదా కరుస్తుంది. దానికి బదులుగా అతిథి తాయిలాన్ని కుక్కపిల్లకు వెనుక వైపు, దూరంగా పడేలా విసరాలి. అది తాయిలం కోసం వెనక్కి వెళుతుంది, భయపెట్టే మనిషి నుంచి దూరం దొరికినందువల్ల ఊపిరి పీల్చుకుంటుంది, తిని మళ్లీ తన ఇష్టంతో ఇటు చూస్తుంది. ఈసారి ఒక అడుగు ముందుకు వేస్తే ఆ అడుగు పూర్తిగా దానిదే. ఇలా వెనక్కి పంపుతూ ఉంటే ముందుకు వస్తుందన్నది చాలా మందికి నమ్మశక్యంగా ఉండదు, చేసి చూస్తే తెలుస్తుంది. బాగా దగ్గరైన తరువాత అతిథి పక్కకు తిరిగి కూర్చుని ఛాతీ దగ్గరో గడ్డం కిందో రెండు మూడు క్షణాలు నిమిరి చెయ్యి తీసేయాలి. కుక్కపిల్ల ఇంకా దగ్గరకు జరిగితే కొనసాగించవచ్చు, కదలకపోయినా ముఖం తిప్పుకున్నా చాలించాలి.

మూత్రం పోయడం గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. దానికి సిగ్గుపడనవసరం లేదు. అది శిక్షణ లోపం కాదు. నేను నీకు లొంగి ఉన్నాను, నన్ను ఏమీ చేయవద్దు అని చిన్న కుక్కపిల్ల పెద్దవారికి చేసుకునే విన్నపం. కసిరితే ఆ విన్నపం ఇంకా ఎక్కువవుతుంది. పలకరింపులను చప్పగా ఉంచి, వీలైతే ఆరుబయట జరిగేలా చూసి, వంగకుండా పక్కకు తిరిగి కింద కూర్చుంటే తగ్గుతుంది. పెరిగేకొద్దీ చాలా కుక్కపిల్లలలో ఇది దానంతటదే పోతుంది.

దగ్గరకు తీస్తే భయం పెరుగుతుందన్న రెండవ సలహాకు సమాధానం సూటిగా చెప్పవచ్చు. బహుమతి ఇస్తే పెరిగేది ప్రవర్తన, భయం ఉద్వేగం. భయపడినందుకు ఓదార్పు దొరికిందని కుక్కపిల్ల ఇంకోసారి కావాలని భయపడదు. అది మీ దగ్గరకు పరుగెత్తుకు వస్తే ఒళ్లోకి తీసుకోండి, నెమ్మదిగా నిమరండి. దాని ప్రపంచంలో భద్రమైన చోటు మీరే కావడం కన్నా దానికి కావలసింది ఏముంటుంది? జాగ్రత్త పడవలసింది మీ కంగారు విషయంలోనే. గొంతు పెంచి, గట్టిగా హత్తుకుని హడావిడి చేస్తే దానికి నిజంగానే ఏదో జరిగిందనిపిస్తుంది. అది రాకుండా మంచం కిందకే పోతే అక్కడే ఉండనివ్వండి.

ఆ మంచం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని అక్కడి నుంచి లాగకండి, ఎవరినీ లాగనివ్వకండి. అంతకన్నా మంచి చోటు మీరే ఏర్పాటు చేయండి: ఇంట్లో రాకపోకలు తక్కువగా ఉండే మూలలో, పైన దుప్పటి కప్పి, తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచిన పెట్టె లేదా గూడు. రోజుకు ఒకటి రెండు పూటల తిండి అక్కడే పెట్టండి. అది లోపల ఉన్నంతసేపు పిల్లలు సహా ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నది ఇంటికంతటికీ కచ్చితమైన నియమం కావాలి. దాక్కునే చోటు ఉంటే ఎప్పటికీ బయటకు రాదేమోనని భయపడేవారు ఉన్నారు. నేను చూసినంతవరకు, తిరిగి చేరుకోగల చోటు ఉన్న కుక్కపిల్లలే ముందుగా బయటకు వస్తాయి.

వీధిలో చతికిలబడిపోయే కుక్కపిల్లను లాగి నడిపించకండి. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడండి. బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుంటే పట్టీలోంచి తల జారిపోతుంది, అలా తప్పించుకున్న బెదురు కుక్క మీ పిలుపు కూడా వినకుండా పరుగెడుతుంది. పిలిస్తే వచ్చే అలవాటు గట్టిపడేదాకా లీష్ (పట్టుకుని నడిపించే తాడు) విప్పవద్దు. నడకను ప్రయాణంగా భావించకండి. గుమ్మం బయట కూర్చుని వచ్చేపోయే వాటిని చూస్తూ, ఒక్కొక్కటి కనబడినప్పుడల్లా తాయిలం ఇచ్చి, ఐదు నిమిషాల్లో లోపలికి వచ్చేసినా అది మంచి పాఠమే. కూర్చుండిపోతే మీరూ ఆగండి. చూసి, వాసన పీల్చి, తేరుకున్నాక అది కదిలిన దిక్కుకే వెళ్లండి. ఇంటి వైపు కదిలితే ఇంటికే.

టీకాలు పూర్తి కాకుండా బయటకు ఎలా అన్న సందేహం సహజం. పార్వో, డిస్టెంపర్ ప్రాణాంతక వ్యాధులు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాల వరుస సాధారణంగా 16 వారాల వయసు వరకు సాగుతుంది, అప్పటికి మనం చెప్పుకున్న గ్రహణకాలం దాటిపోతుంది. ఈ చిక్కును దృష్టిలో పెట్టుకునే అమెరికాలోని పశువుల ప్రవర్తనా వైద్యుల సంఘం 2008లో, మొదటి విడత టీకా, నులిపురుగుల మందు ఇచ్చి కనీసం 7 రోజులు గడిచాక కుక్కపిల్లలను శుభ్రమైన చోట జరిగే శిక్షణ తరగతులకు తీసుకువెళ్లవచ్చని ప్రకటించింది. మీ ప్రాంతంలో వ్యాధుల తీవ్రత మీ పశువైద్యునికే తెలుసు కాబట్టి ఆయన మాట వినండి. ఏదేమైనా చేతుల్లో ఎత్తుకుని తిప్పడానికి, కారులో కూర్చుని చూపించడానికి, టీకాలన్నీ పడిన నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న ఇంటికి వెళ్లడానికి అడ్డేమీ ఉండదు. ఇతర కుక్కల మలమూత్రాలు ఉండే బహిరంగ స్థలాల్లో నేల మీద దింపకుండా ఉంటే చాలు.

భయాలను తగ్గించడంతో పాటు, భయంతో సంబంధం లేని చిన్న చిన్న విజయాలు కూడా దానికి కావాలి. వీటిని చాలామంది ఆటలుగా తీసిపారేస్తారు కానీ, నేను వీటికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను. ఖాళీ అట్టపెట్టెలో నలిపిన కాగితాలు వేసి, వాటి మధ్య తిండి దాచి, కుక్కపిల్ల దాన్ని ఎలా ఛేదిస్తుందో చూస్తూ కూర్చోండి. మొదటి రోజు పెట్టె అంచు ఎత్తు తక్కువగా ఉండాలి. కాగితం గరగరలాడినప్పుడు అది ఉలిక్కిపడి వెనక్కి గెంతి, మళ్లీ తనే వచ్చి ముక్కు పెట్టడం మీరు చూస్తారు. ఆ క్షణంలో మీరు మాట్లాడకండి, ప్రోత్సహించకండి, పెట్టెను దగ్గరకు జరపకండి. చప్పుడు చేసినది తానే, వెనక్కి వచ్చి చూసినదీ తానే, లోపలిది దొరికించుకున్నదీ తానే కావాలి. గడ్డిలో తిండి గింజలు చల్లి వెతికించడం, గరుకు చాప, జారని పలక, కొద్దిగా ఊగే మెత్తటి దిండు వంటి వేర్వేరు నేలల మీద తన ఇష్టంతో నడవనివ్వడం, చాచిన అరచేతికి ముక్కు తాకిస్తే తాయిలం ఇవ్వడం, ఇవన్నీ ఇదే కోవలోనివి. అరచేతి ఆట ముందుముందు చాలా పనికి వస్తుంది, ఎందుకంటే ఏం చేయాలో తోచని చోట అది కుక్కపిల్లకు తెలిసిన పనిని ఇస్తుంది.

ముక్కుతో వెతికే ఆటల ప్రభావాన్ని 2019లో షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. రెండు వారాల పాటు వాసన పట్టి వెతికే ఆట ఆడిన కుక్కలు, ఆ కాలమంతా పక్కనే నడిచే అభ్యాసం చేసిన కుక్కలతో పోలిస్తే, తిండి ఉందో లేదో తెలియని గిన్నె వైపు మరింత ఆశతో, త్వరగా వెళ్లాయి. తెలియనిది ఎదురైనప్పుడు మంచే ఉండవచ్చుననుకోవడం కన్నా బెదురు కుక్కపిల్లకు కావలసిన గుణం మరొకటి నాకు తోచదు. దీనికి ఎదురుదిశలో 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిగిన అధ్యయనంలో, గుంజడం, కసరడం వంటి శిక్షలతో నేర్పే పాఠశాలల కుక్కలలో ఒత్తిడి గుర్తులు, శిక్షణ తరువాత లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువగా కనిపించాయి. బిగుసుకునే గొలుసులు, కాగితపు చుట్టతో కొట్టడాలు, ముక్కు నేలకు రాయడాలు బెదురు కుక్కపిల్ల దగ్గరకు రానివ్వరాదు.

రోజుకు ఎన్ని పాఠాలు అని అడుగుతారేమో. మూడు నిమిషాలవి రెండు మూడు చాలు, మిగిలిన సమయం నిద్రకే. ఈ వయసులో కుక్కపిల్ల రోజుకు 18 గంటల వరకు నిద్రపోతుంది, చాలని నిద్ర భయాన్ని పెంచుతుంది. భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయన్న సంగతి కూడా మరవకండి. ఉదయం వైద్యుని దగ్గర సూది, మధ్యాహ్నం అతిథులు, సాయంత్రం వీధిలో హారన్ మోత. విడివిడిగా ఒక్కొక్కటి తట్టుకోగలిగినవే అయినా, మూడూ ఒకే రోజు పడితే రాత్రి మీరు గిన్నె జారవిడిచిన చప్పుడుకే గంటసేపు వణకవచ్చు. అలాంటి రోజు తరువాత రోజంతా ఏ కొత్తదనం లేకుండా ఇంట్లోనే గడపనివ్వండి. పురోగతిని రోజు లెక్కన కాక, అది తేరుకోవడానికి పట్టే సమయం లెక్కన కొలవండి. పోయిన వారం పది నిమిషాలు దాక్కున్న చప్పుడుకు ఈ వారం రెండు నిమిషాల్లో బయటకు వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

కొన్ని కుక్కపిల్లలు పుట్టుకతోనే బెదురువి. అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు పాయింటర్ జాతి కుక్కలలో రెండు వంశాలను పెంచారు. సరిగ్గా ఒకేలా చూసుకున్నా ఒక వంశంలోని కుక్కలు మనుషుల దగ్గర బిగుసుకుపోయేవి. తల్లి గర్భంలో ఉండగా పడిన ఒత్తిడి, మొదటి వారాల్లో గడిపిన చోటు కూడా ప్రభావం చూపుతాయి. కాబట్టి మీ పెంపకంలో లోపమేమిటని వెతుక్కోవద్దు. ఎవరి వద్దకైనా పరుగెత్తే కుక్కగా మారాలని దాని మీద ఆశ కూడా పెట్టుకోవద్దు. అపరిచితులను దూరం నుంచి ప్రశాంతంగా చూస్తూ, మీ పక్కన తోక వదులుగా పెట్టుకుని నడిచే కుక్క అయితే అది గొప్ప ఫలితమే. ఆరో నెల దాటాక యౌవనంలో కొంతకాలం పాత భయాలు తిరగబెట్టవచ్చు. అప్పుడు మళ్లీ ఎక్కువ దూరం నుంచి, ఎక్కువ తాయిలాలతో మొదలుపెట్టాలి.

నాలుగైదు వారాల పాటు ఇవన్నీ శ్రద్ధగా చేసినా తిండి మానేయడం, రాత్రిళ్లు నిద్రపోకపోవడం, ఇంటివారిని చూసి కూడా పారిపోవడం కొనసాగితే, లేదా కరవబోతే, పశువైద్యునికి చూపించండి. చెవిపోటు, కీళ్ల నొప్పి, చూపు లోపం బెదురుగానే పైకి కనబడతాయి. అవసరమైతే ఆందోళన తగ్గించే మందులను శిక్షణతో పాటు ఇవ్వడం తప్పేమీ కాదు. అసిప్రోమజైన్ వంటి మత్తుమందును మాత్రం భయానికి మందని ఎవరైనా ఇస్తే మరో వైద్యుని అభిప్రాయం తీసుకోండి. అది ఒంటిని కదలనివ్వదు, భయాన్ని తగ్గించదు.

ఇక రెండో కుక్కపిల్ల సంగతి. ఇప్పుడు తేవద్దు. ఒకే ఈడు కుక్కపిల్లలు రెండు చేరితే బెదురుది దూకుడు దాని వెనుకే నక్కి, అది పక్కన లేని క్షణంలో మునుపటికన్నా ఎక్కువగా హడలిపోతుంది. మీ సమయం కూడా రెండుగా చీలిపోతుంది. తెలిసినవారి ఇంట్లో నాలుగైదేళ్ల నెమ్మదైన కుక్క ఉంటే వారానికి రెండు సార్లు దాని పక్కన గడపనివ్వండి. పెద్ద కుక్క అతిథిని చూసి తోక ఊపడాన్ని కుక్కపిల్లలు గమనిస్తాయి, దాని వెంట వెళ్లి వాసన చూస్తాయి. మీ కుక్కపిల్ల దాని తోడు లేకుండా కూడా గుమ్మం దాకా తనంతట తాను రాగలిగిన తరువాత, వయసు ఏడాది దాటాక, ఇంటికి ఇంకొక కుక్క కావాలా అన్నది ఆలోచించవచ్చు.